నీట మునిగిన ఊరు, నోట మిగిలిన ఊరు

నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలంలో సంగమేశ్వరం అనే క్షేత్రం ఉన్నది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అనే ఏడు నదులు అక్కడ కలుస్తాయని ప్రతీతి. ఏడాదిలో చాలా నెలలు ఆ ఆలయం కంటికి కనిపించదు. శ్రీశైలం జలాశయపు నీటి అడుగున ఉంటుంది. ఎండలు ముదిరి నీరు తగ్గేకొద్దీ మొదట శిఖరం, తరువాత గోడలు, చివరకు గర్భగుడి బయటపడతాయి. వేపమానుతో చేసిన శివలింగానికి ఆ కొద్దిరోజులలో పూజలు జరుగుతాయి. ఎగువ నుండి వరద రాగానే గుడి మళ్ళీ నీటి కిందికి వెళ్ళిపోతుంది.

అదే నీటి కింద ఊళ్ళు కూడా ఉన్నాయి. శ్రీశైలం ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగింది. జలాశయంలో నీరు నింపడానికి 1981లో ముంపు గ్రామాలను ఖాళీ చేయించారు. నాటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా గ్రామాలు మునిగిపోయాయి. లక్షకు పైగా జనం ఇళ్ళు వాకిళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది. కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలోను, రూపాల సంగమేశ్వరాలయాన్ని విప్పి కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీదను తిరిగి కట్టారు. రాళ్ళకు వరుస సంఖ్యలు వేసి విప్పితే గుడిని మరొకచోట నిలబెట్టవచ్చును. ఊరిని అట్లా విప్పి కట్టడానికి వీలు లేదు. ఏ వేపచెట్టు కింద పంచాయతీ జరిగేది, ఏ రేవు నుండి పుట్టిలో నది దాటేవారు, ఏ బావి నీరు తీపి, ఏ బావి నీరు ఉప్పన అనే సంగతులకు రాళ్ళు లేవు. అవి మనుష్యుల జ్ఞాపకంలో మాత్రమే ఉన్నాయి.

ఆ జ్ఞాపకానికి గడువు ఉన్నది. 1981లో ఇరవై ఏళ్ళ వయస్సువారు ఈనాడు అరవై దాటినవారు. ఆనాటికి సంసారం, సేద్యం స్వయంగా చేస్తూ ఉండిన ముప్పది, నలుబది ఏళ్ళవారిలో జీవించి ఉన్నవారు ఎనుబదికి అటూ ఇటూ ఉంటారు. ఏటా కొందరు తగ్గిపోతున్నారు. వారితోపాటు ఊరిలో కొంత భాగం రెండవసారి మునిగిపోతున్నది.

ఇటువంటి చోట్ల జ్ఞాపకాలను గొంతుగా, ఛాయాచిత్రంగా, పటంగా, వ్రాతగా ఒకేచోట కూర్చి, ఒకదానినుండి మరొకదానికి వెళ్ళేటట్లు అమర్చిన సంపుటిని బహుమాధ్యమ సంపుటి అంటారు. పటం మీద ఒక బావి గుర్తును తాకితే ఆ బావి ఫొటో కనిపించడం, ఆ నీరు తోడిన అవ్వ గొంతు వినిపించడం దీనిలోని సౌకర్యం. చేతిలో ఇమిడే ఫోను, ఒక చిన్న కంప్యూటరు ఉంటే ఒక పాఠశాలవారు గాని, ఒక యువజన సంఘంవారు గాని ఈ పని చేయగలరు. అయితే పరికరం ఉన్నంత మాత్రాన పని కాదు. జ్ఞాపకం అంటే ఏమిటి, అది ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ తప్పుతుంది, ఒకసారి పట్టిన గొంతు ఎంతకాలం ఉంటుంది అనే ప్రశ్నలకు సమాధానం తెలిసి ఉండాలి.

చోటుకు, జ్ఞాపకానికి సంబంధం

పాత సంగతి ఏదైనా గుర్తు చేసుకోమంటే మనుష్యులు ముందుగా అది జరిగిన చోటును తలచుకుంటారు. "మా ఇంటి అరుగు మీద కూర్చున్నాను, అప్పుడు వచ్చాడు" అన్నట్లుగానే కథ మొదలవుతుంది. దీనికి మెదడు నిర్మాణంలోనే కారణం కనిపిస్తున్నది.

మెదడులో కణతల లోపలి వైపున, సముద్రపు గుర్రం ఆకారంలో వంకర తిరిగి ఉండే భాగాన్ని హిప్పోకాంపస్ అంటారు. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల మెదడులో ఈ భాగాన్ని పరిశీలించాడు. ఎలుక ఒక ప్రత్యేక స్థలానికి వచ్చినప్పుడు మాత్రమే కొన్ని కణాలు చురుకుగా స్పందించాయి. మరొక స్థలానికి పోతే వేరొక జట్టు కణాలు స్పందించాయి. వీటికి స్థల కణాలని పేరు వచ్చింది. 2005లో నార్వే దేశంలో మే బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ దంపతుల బృందం దీనికి పక్కనే ఉన్న భాగంలో మరొక రకం కణాలను కనుగొన్నది. అవి నేలను తేనెపట్టు గళ్ళలాగా విభజించి దూరాలను కొలిచే కణాలు. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమానం లభించింది.

ఇదే హిప్పోకాంపస్ జరిగిన సంఘటనలను జ్ఞాపకంగా మలచడానికి కూడా అవసరం. 1953లో ఒక రోగికి మూర్ఛవ్యాధి తగ్గించడానికి రెండువైపులా ఈ భాగాన్ని చాలావరకు తీసివేశారు. ఆ తరువాత జరిగిన సంఘటనలను ఆయన గుర్తుంచుకోలేకపోయాడు. చిన్ననాటి సంగతులు మాత్రం చెప్పగలిగాడు. దారిని గుర్తించే యంత్రం, సంఘటనను నిలిపే యంత్రం మెదడులో ఇంత దగ్గరగా ముడిపడి ఉన్నాయి. అందుచేత "మీ ఊరి చరిత్ర చెప్పండి" అని అడిగితే తడుముకొనే వృద్ధుడు, "మీ ఇంటి గడప దాటి రేవుకు ఏ దారిన పోయేవారు?" అని అడిగితే ఆగకుండా చెప్పుకుపోతాడు. ఆ దారిలో ఒక్కొక్క మలుపు దగ్గర ఒక్కొక్క కథ ఎదురవుతుంది.

వయస్సుకు సంబంధించిన మరొక విశేషం కూడా తెలుసుకోదగినది. జీవితమంతటిలో సుమారు పది నుండి ముప్పది ఏళ్ళ మధ్య జరిగిన సంగతులు వృద్ధులకు ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ పరిశోధకులు చాలా దేశాలలో గమనించారు. ముంపు నాటికి ఆ వయస్సులో ఉన్నవారు ఈనాడు ఉద్యోగాలనుండి, సేద్యంనుండి విరమించి తీరికగా ఉన్నారు. ఈ పనికి ఇది అనువైన సమయం. ఇంకొక పది, పదిహేనేళ్ళకు ఈ అనువు ఉండదు.

కైఫియతుల నాటి నుండి

ఊరివారి నోటినుండి ఊరి సంగతి సేకరించడం తెలుగువారికి కొత్త కాదు. కల్నల్ కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి రెండువందల ఏళ్ళకు పూర్వం దక్షిణదేశమంతా తిరుగుతూ స్థానిక చరిత్రలను వ్రాయించి సేకరించాడు. ఈయనకు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య మొదలైన తెలుగు సోదరులు తోడ్పడ్డారు. కరణాల కవిలెలు, శాసనాలు, పెద్దలు చెప్పిన మాటలు కలిపి వ్రాసిన ఈ గ్రామ వృత్తాంతాలకు కైఫియతులని పేరు. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయి 1821లో మరణించాడు. చోటును కొలిచే పని, చోటు కథను సేకరించే పని ఒకే వ్యక్తి చేతిలో నడవడం గమనింపదగినది. ఆనాడు సాధనాలు కాగితము, గంటము, సర్వే గొలుసు. చెప్పినవారి గొంతు పట్టడానికి సాధనం లేదు. ఎడిసన్ ఫోనోగ్రాఫు కనిపెట్టింది 1877లో.

బహుమాధ్యమ పద్ధతిలో ఇటువంటి పని పెద్దయెత్తున జరిగింది ఇంగ్లండులో. విలియం రాజు 1086లో తన రాజ్యంలోని ఊళ్ళు, భూములు, పన్నుల వివరాలను వ్రాయించిన డూమ్స్‌డే గ్రంథానికి తొమ్మిదివందల ఏళ్ళు నిండిన సందర్భంలో, 1986లో బీబీసీ సంస్థ ఒక కొత్త సంపుటిని తయారుచేసింది. దేశాన్ని నాలుగు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్ల గళ్ళుగా విభజించారు. ఆయా చోట్ల జీవితాన్ని గురించి బడిపిల్లలు, ఊరివారు వ్రాసి, ఫొటోలు తీసి పంపారు. పది లక్షలకు పైగా ప్రజలు పాల్గొన్నారు. ఆ సంపుటికి తరువాత పట్టిన గతి ఈ పని తలపెట్టేవారికి ఒక హెచ్చరిక. ఆ కథ భద్రపరిచే పద్ధతుల దగ్గర వస్తుంది.

జ్ఞాపకం చేసే మార్పులు

జ్ఞాపకం ఫొటో వంటిది కాదు. తలచుకొన్న ప్రతిసారీ మెదడు దానిని తిరిగి అల్లుతుంది. కేంబ్రిడ్జి ఆచార్యుడు ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన గ్రంథంలో దీనిని చక్కగా చూపాడు. అమెరికా ఆదివాసుల కథనొకదానిని ఇంగ్లీషు వారిచేత చదివించి, కొంతకాలం తరువాత చెప్పమన్నాడు. వారు తమకు తెలియని వివరాలను వదిలివేశారు. తెలిసిన వస్తువులను చేర్చారు. కథ తమ దేశపు కథలాగా మారిపోయింది. వారిలో ఎవరూ అబద్ధమాడలేదు.

అడిగే మాటలు కూడా జ్ఞాపకాన్ని మారుస్తాయి. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు కొందరికి మోటారుకార్ల ప్రమాదం సినిమాగా చూపించారు. యాభైమందిని "కార్లు గుద్దుకొన్నప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి?" అని, మరి యాభైమందిని "కార్లు నుజ్జునుజ్జుగా ఢీకొన్నప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి?" అని అడిగారు. వారం తరువాత "పగిలిన గాజు చూశారా?" అని అందరినీ ప్రశ్నించారు. చూశామన్నవారు మొదటి జట్టులో ఏడుగురు, రెండవ జట్టులో పదహారుగురు. నిజానికి ఆ సినిమాలో పగిలిన గాజు లేనే లేదు.

ఊరు పోగొట్టుకొన్నవారి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. "మిమ్మల్ని బలవంతంగా వెళ్ళగొట్టినప్పుడు ఎంత బాధపడ్డారు?" అని అడిగితే సమాధానం ప్రశ్నలోనే ఉన్నది. "ఊరు విడిచిన రోజు పొద్దున లేచినది మొదలు ఏమేమి జరిగిందో చెప్పండి" అని అడిగితే, బాధ ఉంటే దానంతట అదే వస్తుంది. అట్లా వచ్చిన మాటకే విలువ ఎక్కువ.

అడిగే తీరు

మొదట ఒక్కొక్కరినీ విడిగా అడగాలి; తరువాతనే పదిమందిని కూర్చోబెట్టాలి. ముందుగానే గుంపులో అడిగితే పెద్దగొంతు ఉన్నవాని మాట అందరి జ్ఞాపకమూ అవుతుంది. విడివిడిగా చెప్పినప్పుడు ముగ్గురి మాట కలిస్తే దానికి బలం వస్తుంది. కలవకపోతే ఆ తేడాను కొట్టివేయకుండా రెండు మాటలనూ సంపుటిలో ఉంచాలి.

పటం గీయించడం మంచి ఉపాయం. అమెరికా నగర శాస్త్రజ్ఞుడు కెవిన్ లించ్ 1960లో ప్రచురించిన గ్రంథంలో బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజిలిస్ నగరవాసుల మనస్సులోని పటాలను పరిశీలించాడు. మనుష్యులు తాముండే చోటును దారులు, అంచులు, పేటలు, కూడళ్ళు, గుర్తులు అనే ఐదు అంశాలుగా గుర్తుంచుకొంటారని ఆయన తేల్చాడు. తెలుగు పల్లెలో వాటికి పేర్లు వెంటనే దొరుకుతాయి. బండిబాట దారి, ఏటిగట్టు అంచు, వాడ పేట, రచ్చబండ కూడలి, ఊరి చివర రావిచెట్టు గుర్తు. కాగితం, కలం చేతికి ఇస్తే జంకే అవ్వ, వాకిట్లో ముగ్గుపిండితో తన వీధిని గీయగలదు. గీస్తూ ఉన్నంతసేపూ మాట్లాడుతుంది. ఆ ముగ్గును పైనుండి ఫొటో తీయాలి. ఆ మాటలను అప్పుడే రికార్డు చేయాలి.

తేదీలు తేల్చడానికి క్యాలెండరు సంవత్సరం అడిగి ప్రయోజనం ఉండదు. "డెబ్బై రెండు కరువుకు ముందా, తరువాతనా? పెద్దబిడ్డ పుట్టిన తరువాతనా?" అని అడగాలి. కొందరు తెలుగు సంవత్సరం చెబుతారు. 1981 ఉగాదికి మొదలైనది దుర్మతి. భూమి కాగితాలలో ఫసలీ లెక్క ఉంటుంది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఫసలీ జూలైలో మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1391 ఫసలీ అంటే 1981 జూలై నుండి 1982 జూన్ వరకు. నోటిమాట, కాగితం, పంచాంగం మూడూ ఒకచోట కలిస్తే ఆ తేదీని నమ్మవచ్చును.

గొంతును పట్టడం

శబ్దం గాలిలో అల. మైకులోని పలుచని పొర ఆ అలకు కదలి విద్యుత్తుగా మారుస్తుంది. యంత్రం ఆ విద్యుత్తు ఎత్తును సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా వ్రాసుకొంటుంది. మనిషి చెవికి సెకనుకు 20 నుండి 20,000 కంపనాల వరకు వినిపిస్తుంది. వినిపించే అత్యధిక కంపనానికి రెట్టింపుకు మించినసార్లు కొలిస్తే ఆ శబ్దాన్ని అంకెలనుండి తిరిగి పొందవచ్చునని గణితశాస్త్రం నిరూపిస్తున్నది. అందుకే భద్రపరిచే రికార్డింగులో సెకనుకు 48,000 సార్లు కొలవడం వాడుక. ఒక్కొక్క కొలతను 24 బిట్లలో వ్రాస్తే 1,67,77,216 మెట్లుగా శబ్దపు హెచ్చుతగ్గులు పట్టుబడతాయి.

దీని ఖర్చు ఎంతో లెక్క వేయవచ్చును. 24 బిట్లంటే మూడు బైట్లు. సెకనుకు 1,44,000 బైట్లు. గంటకు 51 కోట్ల 84 లక్షల బైట్లు. ఇరవైమంది వృద్ధులు రెండేసి గంటలు మాట్లాడితే సుమారు 2,074 కోట్ల బైట్లు అవుతుంది. అరచేతి గోరంత జ్ఞాపక చిప్పలో ఇది ఇమిడిపోతుంది. కాబట్టి స్థలం ఆదా చేయడానికి శబ్దాన్ని కుదించే ఎంపీ3 పద్ధతిలో రికార్డు చేయనవసరం లేదు. ఆ పద్ధతిలో చెవికి అంతగా తెలియని భాగాలను యంత్రం పారవేస్తుంది. పారవేసిన భాగం మళ్ళీ రాదు. వేవ్ అనే కుదించని రూపంలో అసలును ఉంచి, అందరికీ వినిపించడానికి మాత్రం కుదించిన ప్రతి తీసుకోవాలి.

అంకెలకంటె ముఖ్యమైనది మైకు దూరం. దూరం రెట్టింపయితే చేరే శబ్దశక్తి నాలుగవ వంతు అవుతుంది. మైకు నోటికి ఒక జానెడు దూరంలో ఉన్నప్పటికంటె నాలుగు జానల దూరంలో ఉన్నప్పుడు గొంతు పదహారవ వంతు శక్తితో చేరుతుంది. ఫ్యాను రొద మాత్రం తగ్గదు. ఫ్యాను, టీవీ ఆపించి, రేకుల షెడ్డులో కాక మంచాలు, బట్టలు ఉన్న గదిలో గాని చెట్టు కింద గాని కూర్చోవడం మంచిది. బట్టలు, పరుపులు ప్రతిధ్వనిని పీల్చుకొంటాయి. మాట అయిపోయిన తరువాత ఒక నిమిషంపాటు ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి చప్పుడును కూడా పట్టి ఉంచాలి. కూర్పులో అతుకులు కలపడానికి అది పనికివస్తుంది.

రికార్డయిన మాటలను వ్రాతలో పెట్టేటప్పుడు భాషను దిద్దకూడదు. నదికి ఈ ఒడ్డున "పోతాంటిమి" అంటారు. ఆ ఒడ్డున "పోతుంటిమి" అంటారు. రెండింటినీ "వెళ్ళేవారము" అని సవరిస్తే ఆ ఊరు నదికి ఏ ఒడ్డున ఉండేదో చెప్పే సాక్ష్యం పోతుంది. ఒక గంట మాటను వ్రాయడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు గంటలు పడుతుంది. ఈ శ్రమను ముందుగానే లెక్కలో వేసుకోవాలి.

బొమ్మలు, కాగితాలు

పాత ఊళ్ళో తీసిన ఫొటో ఏదైనా ఉన్నదా అని అడిగితే చాలామంది లేదంటారు. పెళ్ళిఫొటో చూపించమంటే తెచ్చి చూపుతారు. అందులో వధూవరుల వెనుక పాత ఇంటి గోడ, ద్వారబంధం, అరుగు ఉంటాయి. ఆ వెనుక భాగమే ఈ పనికి ముఖ్యం. ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు గల ఫొటోను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాను చేస్తే 86 లక్షల 40 వేల చుక్కలుగా నమోదవుతుంది. పెద్దది చేసి చూసినప్పుడు గోడమీది రంగు గీత కూడా తెలుస్తుంది. ఫొటో వెనుకవైపును కూడా స్కాను చేయాలి. తేదీ, స్టూడియో ముద్ర, ఎవరో పెన్సిలుతో వ్రాసిన పేరు అక్కడే ఉంటాయి.

ఫొటోను ఇంటినుండి తీసుకుపోకూడదు. యజమాని ఎదుటనే ప్రతి తీసి వెంటనే తిరిగి ఇవ్వాలి. ఇల్లు, పొలం పోగొట్టుకొన్నవారికి ఆ కాగితం తప్ప మరొక ఆనవాలు లేకపోవచ్చును. పట్టా కాగితాలు, నష్టపరిహారపు రసీదులు, బడి సర్టిఫికెట్లు కూడా ఇదేవిధంగా ప్రతులు తీయదగినవి.

పటం మీద ఊరు

ఇన్ని కథలను నేలమీద ఎక్కడ నిలపాలి? ఫోనులోని స్థాన నిర్ణయ పరికరం భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, అవి ప్రయాణం చేసిన కాలాన్ని బట్టి దూరాలు కడుతుంది. రేడియో తరంగం సెకనులో పదిలక్షల వంతు కాలంలో 300 మీటర్లు పోతుంది. కాలం అంత సూక్ష్మంగా కొలవవలసి ఉన్నందున కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. మూడు స్థానానికి, ఒకటి గడియారపు తప్పు సవరించడానికి. ఆరుబయట మామూలు ఫోను ఐదారు మీటర్ల తేడాతో చోటు చూపుతుంది. అక్షాంశ రేఖాంశాలను దశాంశ బిందువు తరువాత ఐదు స్థానాలవరకు వ్రాసుకొంటే చాలు. ఐదవ స్థానం విలువ సుమారు ఒక మీటరు.

ఎండాకాలంలో నీరు తీసిన చోట ఈ పరికరంతో నడచి వెళ్ళవచ్చును. పునాదిరాళ్ళు, బావి ఒరలు, గుడిగోడలు కనిపిస్తాయి. ఊరి పెద్దలను వెంట తీసుకొనిపోతే అక్కడి మాట ఇంటివద్ద చెప్పిన మాటకంటె వేరుగా ఉంటుంది. ఒండ్రు బురద మీద వృద్ధులను నడిపించడం మాత్రం ప్రమాదం. ఎండిన పెళ్ళ కింద మోకాటిలోతు బురద ఉండవచ్చును.

ఎప్పుడూ బయటపడని ఊళ్ళకు పాత పటాలే ఆధారం. 1767లో మొదలైన భారత సర్వే శాఖవారు మైలుకు అంగుళం చొప్పున గీసిన పటాలలో గ్రామాలు, బాటలు, గుడులు ఉన్నాయి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుండి భూమిని చిత్రిస్తున్నాయి. 1960, 1972 మధ్య అమెరికావారు గూఢచర్యానికి ఆకాశంనుండి తీసిన కరోనా ఫొటోలను 1995లో బహిరంగం చేశారు. ఈనాటికీ చెక్కుచెదరని కొండశిఖరం, కోట బురుజు వంటి గుర్తులను పాతపటం మీద, కొత్తపటం మీద ఒకదానికొకటి జతచేస్తే, మిగిలిన బిందువులను కంప్యూటరు సరిపెడుతుంది. అప్పుడు నీలిరంగు నీటిమీద పాత వీధి గీత కనిపిస్తుంది. అవ్వ ముగ్గుపిండితో గీసిన వీధిని దాని పక్కన పెట్టి చూడాలి. అవ్వ పటంలో దూరాలు సరిగా ఉండవు. తరచు తిరిగిన చోటు పెద్దది, తిరగని చోటు చిన్నది అవుతుంది. సర్వే పటం నేలను చూపితే, అవ్వ పటం బ్రతుకును చూపుతుంది. సంపుటిలో రెండూ ఉండాలి.

ఎవరి ఊరు?

ఒక్క పెద్దయింటికి పోయి అడిగివస్తే ఒక్క వాడ ఊరే దొరుకుతుంది. ఊరిబావి దగ్గర ఎవరు తోడేవారు, ఎవరు దూరాన నిలబడి నీరు పోయించుకొనేవారు అనేది వాడను బట్టి మారే జ్ఞాపకం. ఆడవారు తిరిగిన దారులు బావికి, చేనుకు, కల్లానికి. మగవారివి చావడికి, సంతకు. పుట్టి నడిపినవారికి నది వీధి వంటిది. మెట్టరైతుకు అది ఊరి సరిహద్దు. భూమి ఉన్నవారికి పరిహారం కాగితం మీద ఉన్నది. కూలిపని చేసినవారికి, చేపలు పట్టినవారికి పోయినదేమిటో కాగితాలలో లేదు. వారి మాట రికార్డు చేయకపోతే ఆ నష్టం జరగనట్లే అవుతుంది. కాబట్టి ఎంతమందితో మాట్లాడాలనే లెక్కకంటె ఏయే వాడలవారితో, ఏయే పనులవారితో మాట్లాడాలనే జాబితా ముందు తయారుచేయాలి.

చెప్పినవారి అనుమతి తప్పనిసరి. ఏమి చేయబోతున్నారో తెలుగులో చదివి వినిపించాలి. ఎవరెవరు వినవచ్చును, పేరు చెప్పవచ్చునా, ఏ భాగం దాచి ఉంచాలి అనేవి వారే నిర్ణయించాలి. మనస్సు మారితే తీసివేయమనే హక్కు వారికి ఉండాలి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతికి ప్రాధాన్యం ఇచ్చింది. పాత తగాదాలు, పొలం గట్ల కొట్లాటలు మాటల మధ్యలో వస్తాయి. అవి మనుమల కాలంలో మళ్ళీ రాజుకోకుండా చూడవలసిన బాధ్యత కూర్చేవారిది.

భద్రపరచడం

ఇంగ్లండు సంపుటి కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1986లో ఆ సమాచారాన్ని గ్రామఫోను రికార్డంత వెడల్పు గల లేసరు పళ్ళెరాలలో ఎక్కించారు. వాటిని చదవడానికి ప్రత్యేక యంత్రం, ప్రత్యేక కంప్యూటరు కావలసి వచ్చింది. కొద్ది ఏళ్ళలోనే ఆ యంత్రాల తయారీ ఆగిపోయింది. పదిహేనేళ్ళు గడిచేసరికి వాటిని చదవగలిగే యంత్రాలు అరుదైపోయాయి. 1086లో తోలు మీద సిరాతో వ్రాసిన గ్రంథాన్ని మాత్రం ఎప్పటివలెనే చదవగలుగుతున్నారు. చివరకు పరిశోధకులు 2002 ప్రాంతంలో పాత కంప్యూటరును అనుకరించే ప్రోగ్రాము వ్రాసి ఆ సమాచారాన్ని బయటకు తీశారు. 2011లో అది తిరిగి ప్రజలకు అందుబాటులోకి వచ్చింది.

తెలుగువారికి కూడా ఇటువంటి అనుభవం ఉన్నది. తెలుగు అక్షరాలకు 1991లో యూనికోడ్‌లో స్థానం లభించినా, ఆ తరువాత చాలా ఏళ్ళు ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క అచ్చు పద్ధతిని వాడింది. ఆ రోజుల ఫైళ్ళు ఈనాడు తెరిస్తే అర్థంలేని గీతలు కనిపిస్తాయి. కాబట్టి వ్రాతను యూనికోడ్‌లోను, శబ్దాన్ని వేవ్ రూపంలోను, బొమ్మను టిఫ్ రూపంలోను ఉంచడం క్షేమం. వీటిని చదివే పద్ధతి బహిరంగం; ఏ ఒక్క కంపెనీ మూతపడినా నష్టం లేదు. మూడు ప్రతులు ఉండాలి. వాటిని రెండు రకాల సాధనాలలో ఉంచాలి. ఒక ప్రతి వేరే ఊళ్ళో ఉండాలి. ప్రతి ఫైలుకు కంప్యూటరుచేత ఒక సరిచూపు సంఖ్య కట్టించి వ్రాసుకొంటే, ఏడాదికొకసారి మళ్ళీ కట్టించి పోల్చవచ్చును. ఫైలులో ఒక్క అంకె చెడినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. చెప్పినవారెవరు, ఎక్కడ, ఏ తేదీన, ఎవరు అడిగారు అనే వివరాల చీటీ లేని రికార్డు పేరులేని ఉత్తరం వంటిది. ఆ వివరాలను కాగితం మీద కూడా అచ్చువేసి ఉంచాలి.

తిరిగి ఇవ్వడం

సంపుటి పూర్తయిన తరువాత మొదటి ప్రదర్శన పునరావాస గ్రామంలోనే జరగాలి. తెర మీద పాత వీధి, గొంతులో పాత మాట వచ్చినప్పుడు కూర్చున్నవారు లేచి సవరిస్తారు. "ఆ చెట్టు అక్కడ కాదు, చావడికి ఈ పక్క" అంటారు. ఆ సవరణలను కూడా రికార్డు చేయడానికి ఒక మనిషి సిద్ధంగా ఉండాలి. ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి పంచాయతీ కార్యాలయంలో, ఒక ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఇవ్వాలి. చెప్పిన ప్రతివారి ఇంటికీ వారి గొంతు ప్రతి అందాలి. పట్నంలో ఉద్యోగం చేస్తున్న మనుమడికి తన తాత ఊరు పేరు తప్ప ఏమీ తెలియదు. ఆ వీధిలో తాత ఇల్లు ఎన్నవదో పటం మీద చూపించగలిగితే ఈ శ్రమ ఫలించినట్లే.

ఈ పని మొదలుపెట్టడానికి పూర్తి పరికరాలు సమకూరేవరకు ఆగవలసిన పని లేదు. ముందు చేయవలసినది ఒక కాగితం మీద ఊరివారి పేర్లు, వయస్సులు వ్రాసుకోవడం. ఆ జాబితాను వయస్సు వరుసలో అమర్చి, అందరికంటె పెద్దవారి ఇంటికి మొదట వెళ్ళాలి. ఫోను అక్కడ పెట్టి, ఫ్యాను ఆపి, "అవ్వా, పాత ఊళ్ళో మీ ఇంటినుండి నీళ్ళకు ఏ దారిన పోయేవాళ్ళు?" అని అడగాలి. తక్కిన పటాలు, ఫొటోలు వచ్చే ఏడాది కూడా దొరుకుతాయి.